ఖాళీ ఉంచిన ఇంజనీరు

ఏటా సెప్టెంబరు 15న ఇంజనీరింగ్ కాలేజీల్లో ఒక ఫోటోకి దండ పడుతుంది. తలపాగా, కోటు, టై, సన్నటి ముఖం. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు. ఆ రోజు స్టేజీ ఎక్కినవాళ్లు ఆయన క్రమశిక్షణ గురించి, టైం పాటించడం గురించి నాలుగు కథలు చెప్తారు. సమోసా, టీ అయ్యాక ఎవరి క్లాసుకు వాళ్లం పోతాం. ఆయన అసలు ఏం కట్టారు, ఎందుకు అట్లానే కట్టారు అన్నది మాత్రం ఎక్కువమందికి తెలియదు.

నేను సీఎస్‌ఈ. ఈ సెమిస్టర్‌లో మాకు డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ సబ్జెక్టు ఉంది. పది సర్వర్లను కలిపి ఒక క్లస్టర్‌గా పెడితే అందులో ఒకటి పడిపోయినప్పుడు ఏమవుతుంది, అందరూ వాడుకునే ఒకే స్టోరేజీని కొట్లాట లేకుండా ఎట్లా పంచుకుంటారు అన్నదే సబ్జెక్టు సారాంశం. అదే రోజుల్లో విశ్వేశ్వరయ్య గారి జీవితం చదివాను. ఆయన చనిపోయేనాటికి క్లస్టర్ అనే మాట మన అర్థంలో ఇంకా పుట్టలేదు. అయినా మా సిలబస్‌లో ఉన్న మూడు ముఖ్యమైన చిక్కుల్నీ ఆయన నీళ్ల మీద ఎదుర్కొన్నారు. సివిల్ వాళ్లు ఏమీ అనుకోకపోతే, ఆయన కథ ఈసారి మా బ్రాంచి వైపు నుంచి చెప్తాను.

ముందు మా ఊరి సంగతి

మాది బుక్కరాయసముద్రం, అనంతపురానికి ఆనుకునే ఉంటుంది. ఊరి పేరులో సముద్రం ఉంది గానీ వానే తక్కువ. జిల్లాలో ఏడాది మొత్తానికి పడేది సగటున 550 మిల్లీమీటర్లు, అటూ ఇటూ. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కాలంలో, 14వ శతాబ్దంలో, చిక్కప్ప ఒడయరు అనే ఆయన పండమేరుకు అడ్డంగా కట్ట వేయించి చెరువు చేయించాడని చరిత్ర. కట్టకు ఒక కొసన వెలిసిన ఊరు బుక్కరాయసముద్రం, ఇంకో కొసన వెలిసింది అనంతసాగరం. ఆ అనంతసాగరమే తర్వాత అనంతపురం అయింది. కట్ట తెగబోతుంటే ఊరి కోసం ప్రాణమిచ్చిన ముసలమ్మ కథ మీలో చానామంది వినే ఉంటారు. కట్టమంచి రామలింగారెడ్డి గారు 1899లో రాసిన ముసలమ్మ మరణము కావ్యం ఆ కథే.

మా పక్క చెరువులు విడివిడిగా ఉండవు. పై చెరువు నిండితే మరవ పారుతుంది. ఆ నీళ్లు వంక పట్టి కింది చెరువుకు వస్తాయి. అదీ నిండితే దాని కిందిదానికి పోతాయి. దీన్నే గొలుసుకట్టు అంటారు. వాన సరిగ్గా పడిన ఏడాది ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. ఒక చెరువు పట్టుకోలేని నీళ్లు ఇంకో చెరువుకు దక్కుతాయి. కానీ ఒక్క రాత్రిలో నెలల వాన పడి పై చెరువుకు గండి పడితే కథ మారిపోతుంది. తన వాటా వరదతోపాటు పైనున్న చెరువు మొత్తం ఒకేసారి కింది చెరువు మీద పడుతుంది. అంత బరువు కోసం దాన్ని కట్టలేదు. అదీ తెగుతుంది. ఇప్పుడు రెండు చెరువుల నీళ్లు కలిసి మూడోదాని మీదికి బయల్దేరతాయి.

సర్వర్ల లెక్క కూడా ఇదే. రెండు సర్వర్లు ఉన్నాయి, ఒక్కోటి 70 శాతం పని చేస్తోంది అనుకోండి. బయటికి అంతా బాగున్నట్టే ఉంటుంది. ఒకటి పడిపోయిన నిమిషంలో రెండోదాని మీద 140 శాతం పడుతుంది. అదీ పడిపోతుంది. మూడు సర్వర్లు 60 శాతం చొప్పున నడుస్తుంటే, ఒకటి పోయినా మిగతా రెండూ 90 దగ్గర నిలబడతాయి. తేడా అంతా ముందుగా ఉంచుకున్న ఖాళీలో ఉంది. దీన్ని మేము కాస్కేడింగ్ ఫెయిల్యూర్ అని చదువుకుంటాం. మా తాతల కాలం నుంచీ ఊళ్లో దానికి ఉన్న మాట గండి.

మోక్షగుండం నుంచి పూనా దాకా

విశ్వేశ్వరయ్య గారిది తెలుగు కుటుంబం. ఇంటిపేరుగా ఉన్న మోక్షగుండం గిద్దలూరు పక్కన ఉన్న ఊరు. పూర్వీకులు అక్కడి నుంచి మైసూరు సంస్థానానికి వలస పోయారు. ఆయన పుట్టింది చిక్కబళ్లాపురం దగ్గర ముద్దేనహళ్లిలో, 1860ల మొదట్లో. మాకు అది పెద్ద దూరం కాదు. హిందూపురం దాటితే వచ్చే ప్రాంతమే. అక్కడి నేల, రాళ్లు, చెరువులు అన్నీ మా పక్కలాగే ఉంటాయి.

తండ్రి శ్రీనివాసశాస్త్రి గారు సంస్కృత పండితులు. తల్లి వెంకటలక్ష్మమ్మ గారు. తండ్రి చిన్నతనంలోనే పోవడంతో చదువు కష్టంగా సాగింది. బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో చదివేటప్పుడు పిల్లలకు ట్యూషన్ చెప్పి ఖర్చులు వెళ్లదీసుకున్నారు. 1881లో బీఏ అయ్యాక మైసూరు ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో పూనా సైన్స్ కాలేజీలో ఇంజనీరింగ్ చేరారు. 1883లో ఫస్ట్ ర్యాంకుతో పాసై, 1884లో బొంబాయి ప్రెసిడెన్సీ పబ్లిక్ వర్క్స్ శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుగా ఉద్యోగంలో చేరారు.

మొదటి పదేళ్లు ఖాందేశ్, నాసిక్ వైపు రోడ్లు, కాలువలు, పైపు లైన్లతోనే గడిచాయి. 1890ల మధ్యలో సింధులోని సుక్కూరు పట్టణానికి తాగునీటి పని అప్పజెప్పారు. సింధు నది నీళ్లు బురద. శుద్ధి చేసే పెద్ద ఏర్పాట్లకు డబ్బు లేదు. ఆయన నది ఇసుకలోనే బావి తవ్వించి, ఇసుక పొరల్లోంచి ఊరిన తేట నీళ్లను పైకి ఎత్తించారు. కొత్త యంత్రం కొనే ముందు, అక్కడున్న వస్తువే ఆ పని చేస్తుందేమో చూడటం ఆయన అలవాటు. ఆ తర్వాతి పనుల్లో కూడా ఇది కనిపిస్తుంది.

వంతు పెట్టడం

1899 ప్రాంతంలో ఆయనకు దక్కను కాలువల సమస్య ఎదురైంది. కాలువ మొదట్లో ఉన్నవాళ్లు చెరకుకు ఎప్పుడంటే అప్పుడు నీళ్లు పెట్టుకునేవాళ్లు. అక్కడ పొలాలు చౌడుబారిపోయేవి. ఊళ్లు తడిసి రోగాలు వచ్చేవి. కాలువ చివర ఉన్నవాళ్లకు చుక్క దక్కేది కాదు. స్టోరేజీ అందరిదే, కానీ దగ్గరగా ఉన్నవాడికి ఎక్కువ.

ఆయన పెట్టిన పద్ధతికి బ్లాక్ సిస్టమ్ అని పేరు. నీళ్లను ఒకేచోట గుమ్మరించకుండా, కాలువ పొడుగునా చాలా ఊళ్లకు బ్లాకులుగా పంచారు. ఒక్కో బ్లాకులో ఎక్కువ నీళ్లు తాగే పంటకు ఇంత భాగం, ఆరుతడికి ఇంత భాగం అని హద్దు పెట్టారు. నీళ్లు ఎప్పుడూ పారవు, వంతుల వారీగా వస్తాయి. మీ వంతు అయిపోతే తూము మూతపడుతుంది, తర్వాతి వాళ్ల తూము తెరుచుకుంటుంది. మొదట్లో వ్యతిరేకత గట్టిగానే వచ్చింది. అప్పటిదాకా అడ్డు లేకుండా వాడుకున్నవాళ్లకు హద్దు నచ్చదు కదా. తర్వాత ఎక్కువ ఊళ్లకు నీళ్లు అందడం కళ్లకు కనపడింది.

మా సబ్జెక్టులో ఇది లాకులు, లీజుల పాఠం. ఒక షేర్డ్ డిస్కు మీద రెండు సర్వర్లు ఒకేసారి రాస్తే డేటా పాడైపోతుంది. అందుకని రాయాలనుకున్న సర్వర్ ముందు తాళం తీసుకోవాలి. ఆ తాళాన్ని శాశ్వతంగా ఇవ్వరు, గడువు పెట్టి ఇస్తారు. ఎందుకంటే తాళం తీసుకున్న సర్వర్ మధ్యలో చచ్చిపోతే, తాళం దాని దగ్గరే ఉండిపోయి మిగతావాళ్లంతా నిలబడిపోతారు. గడువు ఉంటే ఆ బాధ లేదు. టైం అయిపోగానే తాళం ఇంకొకరికి పోతుంది.

ఊళ్లలో ఈ పని నీరుగంటి చేసేవాడు. తూము తియ్యడం, మూయడం ఆయన ఒక్కడి చేతిలో ఉండేది. ఏ మడికి ఎంతసేపు అన్నది ఆయనకు నోటి లెక్క. ఆయన మాట వినకుండా ఎవరైనా రాత్రిపూట వెళ్లి తూము తీస్తే పంచాయితీ జరిగేది. విశ్వేశ్వరయ్య గారు చేసింది ఇదే పనిని వందల మైళ్ల కాలువకు, కాగితం మీద రూల్స్‌తో, ముఖం చూడకుండా పనిచేసేలా చేయడం.

నీళ్లే తెరుచుకునే తలుపులు

పూనాకు తాగునీళ్లు, కాలువలకు సాగునీళ్లు ఇచ్చేది ఖడక్‌వాస్లా చెరువు. అప్పట్లో దాన్ని ఫైఫ్ సరస్సు అనేవాళ్లు. వానాకాలంలో మరవ మీద ఆరేడు అడుగుల ఎత్తున నీళ్లు పొంగి పోయేవి. ఎండాకాలం వచ్చేసరికి నీళ్లు చాలేవి కావు. కట్ట ఎత్తు పెంచుదామంటే ఖర్చు ఎక్కువ, పాత కట్ట ఆ బరువు తట్టుకుంటుందో లేదో అన్న అనుమానం. మరవ మీద మామూలు తలుపులు పెట్టి నీళ్లు ఆపుదామంటే ఇంకో భయం. అర్ధరాత్రి వరద వస్తే ఆ తలుపులు తీసేది ఎవరు? మనిషి నిద్రపోయినా, దారి తెగి రాలేకపోయినా కట్టే పోతుంది.

1903లో ఆయన అక్కడ పెట్టిన తలుపులకు మనిషి అక్కర్లేదు. తలుపుల్ని బరువులతో తూకం వేసి నిలబెట్టారు. నీళ్లు ఒక గుర్తు దాటి పెరిగితే, ఆ నీళ్లే పక్కనున్న గదిలోకి చేరి ఆ తూకాన్ని మారుస్తాయి. తలుపులు లేచి వరదకు దారి ఇస్తాయి. మట్టం తగ్గగానే తూకం మళ్లీ మామూలై తలుపులు మూసుకుంటాయి. కట్ట ఒక్క అడుగు కూడా పెంచకుండా చెరువులో 8 అడుగుల నీళ్లు అదనంగా నిలిచాయి. వరద వస్తే కట్ట మీద పాతదానికంటే ఎక్కువ బరువు పడలేదు. దీనికి ఆయన పేటెంటు తీసుకున్నారు. తర్వాత గ్వాలియర్ దగ్గర తిగ్రా డ్యాంలో, కృష్ణరాజసాగరంలో కూడా ఇలాంటి తలుపులే వాడారు.

క్లస్టర్‌లో ప్రతి సర్వర్ పక్కవాళ్లకు కొన్ని క్షణాలకోసారి బతికే ఉన్నానని చిన్న సందేశం పంపుతుంది. దాన్ని హార్ట్‌బీట్ అంటాం. వరసగా కొన్ని సందేశాలు రాకపోతే మిగతావాళ్లు ఆ సర్వర్ పోయిందని లెక్క కట్టి, దాని పని ఇంకొకరికి అప్పజెప్తారు. ఇదంతా మనిషి లేచి చూసేలోపే జరిగిపోవాలి. కాకపోతే ఇక్కడో చిక్కుంది. సందేశం రాకపోవడం అంటే సర్వర్ చచ్చిందనే కాదు, మధ్యలో కేబుల్ తెగి ఉండొచ్చు. బతికి ఉన్న పాత సర్వరూ, దాని స్థానంలోకి వచ్చిన కొత్త సర్వరూ రెండూ ఒకే డిస్కు మీద రాయడం మొదలుపెడితే స్ప్లిట్ బ్రెయిన్ అంటాం. అందుకే కొత్త సర్వర్ పని అందుకునే ముందు పాతదాని కరెంటు తీసేయడమో, డిస్కు దారి మూసేయడమో చేస్తారు. దానికి ఫెన్సింగ్ అని పేరు. విశ్వేశ్వరయ్య గారి తలుపుల్లో నాకు నచ్చింది ఇదే. అక్కడ కబురు మోసేవాడు ఎవరూ లేరు. ప్రమాదమూ నీళ్లే, ప్రమాదం వచ్చిందని చెప్పేదీ నీళ్లే. మధ్యలో తెగిపోవడానికి తీగ లేదు.

788 చెరువులు

1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ పొంగింది. సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతిన్నాయి, పురానాపూల్ నిలబడింది. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణాలు కాపాడుకున్నారని చెప్తారు. అప్పటి నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం విశ్వేశ్వరయ్య గారికి కబురు పంపింది. ఆయన అప్పటికి బొంబాయి ఉద్యోగం వదులుకునే నిర్ణయానికి వచ్చి విదేశాల్లో తిరుగుతున్నారు. 1909లో హైదరాబాదు వచ్చి పని మొదలుపెట్టారు.

అందరూ నదినీ, నగరాన్నీ చూస్తుంటే ఆయన నగరానికి ఎగువన ఉన్న నేలను చూశారు. వానల రికార్డులు తెప్పించారు. మూసీ, ఈసీ పరీవాహక ప్రాంతంలో ఉన్న చెరువుల్ని లెక్కపెట్టించారు. మొత్తం 788 చెరువులు. దాదాపు చదరపు మైలుకు ఒకటి. అందులో ఆ వరదకు తెగిపోయినవి 221. అంటే నగరం మీద పడింది ఆకాశంలోంచి వచ్చిన వాన ఒక్కటే కాదు. పైనున్న చెరువు తెగి కిందిదాన్ని తెంచుకుంటూ, వందల చెరువుల నీళ్లు ఒకదాని వెనుక ఒకటి కలిసి వచ్చాయి.

ఈ అంకె చదివినప్పుడు నేను పుస్తకం పక్కన పెట్టి కాసేపు కూర్చున్నాను. క్లస్టర్ మొత్తం కూలిపోయిన తర్వాత ఇంజనీర్లు రాసే రిపోర్టుల్లో ఉండేదీ ఇదే. చివర్లో పడిపోయిన సర్వర్‌లో తప్పేమీ ఉండదు. అది తనకు ముందు పోయినవాళ్లందరి బరువూ మోయలేక పోయి ఉంటుంది. కాబట్టి చివరిదాన్ని గట్టిగా చేస్తే సరిపోదు. వరస మధ్యలో ఎక్కడో ఒకచోట, ఆ బరువునంతా ఆపి నెమ్మదిగా వదిలే ఖాళీ జాగా ఉండాలి.

ఆయన చెప్పిన పరిష్కారం అదే. నగరానికి పైన రెండు జలాశయాలు, మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి. ఒక్కదానితో సరిపెడితే రెండో నది దారి తెరిచే ఉంటుంది. వరద వచ్చినప్పుడు నగరంలోని నది ఒడ్డు తెగకుండా ఎంత మోయగలదో అంతే కిందికి వదలాలి. మిగిలినదాన్ని జలాశయం కడుపులో పెట్టుకుని, తర్వాత నిదానంగా వదలాలి. దాంతోపాటు నగరంలో నది ఒడ్డులు ఎత్తు చేయడం, ఒడ్డున పార్కులు వేయడం కూడా ఆయన ప్లానులో ఉన్నాయి. ఆయన మైసూరుకు వెళ్లిపోయాక ఆ పని కొనసాగింది. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. నగరం డ్రైనేజీ పని కోసం ఆయన మళ్లీ హైదరాబాదు వచ్చారు.

అదే జలాశయాలు నగరానికి తాగునీళ్లు కూడా ఇచ్చాయి. ఇక్కడే అసలు ఇరకాటం ఉంది. తాగునీటి కోసం అయితే జలాశయం ఎప్పుడూ నిండుగా ఉండాలి. వరద కోసం అయితే ఖాళీగా ఉండాలి. నిండుగా ఉన్న చెరువు వరదను ఆపలేదు, 95 శాతం నడుస్తున్న సర్వర్ పక్కదాని పని అందుకోలేదు. ఖాళీ ఉంచడం అనేది మామూలు రోజుల్లో దండగ ఖర్చులా కనిపిస్తుంది. అది పనికొచ్చేది ఏ ఇరవై ఏళ్లకో ఒక్క రాత్రి. ఆ రాత్రి కోసం మిగతా అన్ని రోజులూ ఖాళీని కాపాడటానికి గట్టి మనసు కావాలి.

ఒక డ్యాం, ఇద్దరు వాటాదారులు

1909 చివర్లో ఆయన మైసూరు సంస్థానం చీఫ్ ఇంజనీరు అయ్యారు. 1911లో కావేరి మీద కన్నంబాడి దగ్గర కృష్ణరాజసాగరం పని మొదలైంది. కోలారు బంగారు గనులకు శివనసముద్రం నుంచి కరెంటు పోతుండేది. ఎండాకాలం నదిలో నీళ్లు తగ్గితే కరెంటు తగ్గేది. ఆ కరెంటుకూ, మండ్య ప్రాంతం సాగుకూ కలిపి ఒకే స్టోరేజీ అన్నది ఆయన ఆలోచన. సున్నం, ఇటుక పొడి కలిపిన సుర్కీతోనే కట్టారు. 1930ల మొదట్లో అది పూర్తయింది. దాని కింద చాలా ఊళ్లు మునిగిపోయాయి. ఆ మాట కూడా చెప్పకుండా ఉండకూడదు.

కావేరి కిందికి పోయేది మద్రాసు ప్రెసిడెన్సీకి. పైన ఎంత ఆపితే కింద తంజావూరుకు అంత తగ్గుతుందని మద్రాసు అడ్డం చెప్పింది. ఇద్దరే ఉన్న క్లస్టర్‌లో ఇదే చిక్కు వస్తుంది. మాట తేడా వస్తే ఒక్కొక్కరి దగ్గర ఒక్కో ఓటు ఉంటుంది. మెజారిటీ ఎవరికీ రాదు. అందుకే రెండు సర్వర్ల క్లస్టర్‌కు పక్కన విట్‌నెస్ అని మూడో ఓటు పెడతారు. అట్లా వచ్చే మెజారిటీనే కోరం అంటాం. కావేరికి కూడా మధ్యవర్తిని పెట్టారు. తీర్పు వచ్చింది, దాని మీద మళ్లీ అప్పీలు పోయింది. చివరికి 1924లో ఒప్పందం కుదిరింది. ఆ ఒప్పందం గడువు తీరాక వివాదం మళ్లీ మొదటికి వచ్చి మన కాలం దాకా నడిచింది. గేట్లు ఆటోమేటిక్‌గా తెరుచుకునేలా చేసిన మనిషికి కూడా వాటాల సంగతి ఒక్క డ్రాయింగుతో తేలలేదు.

నాకు ఒప్పుకోబుద్ధి కాని చోటు

1912లో ఆయన మైసూరు దివాను అయ్యారు. ఆరేళ్లలో మైసూరు బ్యాంకు, మైసూరు విశ్వవిద్యాలయం, భద్రావతి ఇనుము పని, ఇంకా చాలా మొదలయ్యాయి. 1918లో ఆయన ఆ పదవి వదిలేశారు. ప్రభుత్వ ఉద్యోగాల్లో బ్రాహ్మణేతర, వెనుకబడిన వర్గాలకు చోటు పెంచాలని మహారాజు కృష్ణరాజ ఒడయరు అనుకున్నారు. ఉద్యోగాలు ప్రతిభ మీదే ఇవ్వాలన్నది విశ్వేశ్వరయ్య గారి పట్టు. అక్కడ ఇద్దరికీ కుదరలేదు.

ఇంజనీర్స్ డే ఉపన్యాసాల్లో ఈ భాగం వినపడదు. వినపడాలని నా ఉద్దేశం. నేను ఈ కాలేజీలో సీటు తెచ్చుకున్నది రిజర్వేషన్‌తోనే. దక్కను కాలువ మీద మొదట్లో ఉన్నవాడు తాగినన్ని తాగితే చివరివాడికి దక్కదని, కాబట్టి హద్దు పెట్టి పంచాలని కనిపెట్టింది ఆయనే. చివరి మడివాడు సోమరి కాబట్టి నీళ్లు రాలేదని ఆయన అనలేదు, కాలువ అట్లా ఉంది కాబట్టి రాలేదని చూశారు. చదువు, ఉద్యోగం కూడా అట్లాంటి కాలువలే. తరతరాలుగా తూము దగ్గర ఉన్నవాళ్లు ఉన్నారు, చివర ఉన్నవాళ్లు ఉన్నారు. నీళ్ల విషయంలో అంత స్పష్టంగా చూసిన కన్ను ఇక్కడ ఎందుకు చూడలేకపోయిందో అని నాకు బాధగా ఉంటుంది. దీనివల్ల ఆయన కట్టినవి చిన్నవి కావు. కానీ ఫోటోకి దండ వేసే చెయ్యి ఈ ప్రశ్న కూడా వేయాలి.

తర్వాత

పదవి వదిలాక కూడా ఆయన ఊరికే కూర్చోలేదు. నాలుగు దశాబ్దాల పాటు దేశమంతా తిరిగి నీళ్ల మీద, పరిశ్రమల మీద సలహాలు ఇచ్చారు. దేశానికి ప్రణాళిక కావాలని 1934లోనే పుస్తకం రాశారు. 1951లో తన పని జ్ఞాపకాలు ఇంగ్లీషులో ప్రచురించారు. 1955లో భారతరత్న వచ్చింది. నూరేళ్లు దాటాక, 1962 ఏప్రిల్‌లో బెంగుళూరులో కన్నుమూశారు. అంత్యక్రియలు ముద్దేనహళ్లిలో జరిగాయి.

ఆయన పాఠం మా పక్కకు ఎంత అవసరమో ఈమధ్యే రెండుసార్లు చూశాం. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాంలో 33 గేట్లలో 19వ దాని గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. తుంగభద్ర కర్ణాటక, ఆంధ్ర, తెలంగాణ పంచుకునే స్టోరేజీ. అనంతపురానికి హైలెవెల్ కాలువ అక్కడి నుంచే వస్తుంది. ఆ ఒక్క గేటు దగ్గర పని చేయాలంటే మిగతా గేట్లు కూడా ఎత్తి నీళ్లు వదిలి బరువు తగ్గించాల్సి వచ్చింది. నీళ్లు పారుతుండగానే స్టాప్‌లాగ్ దించి దారి మూశారు. నడుస్తున్న క్లస్టర్‌లో, దాన్ని ఆపకుండానే పాడైన భాగం మార్చినట్టు. ఆ వారం రోజులూ అనంతపురం జిల్లాలో హైలెవెల్ కాలువ కింద రైతులందరికీ వదిలిన టీఎంసీల లెక్కే మాట.

అదే ఏడాది అక్టోబరులో పండమేరు పొంగి అనంతపురం శివారు కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి. కరువు జిల్లాలో వరదేందని బయటివాళ్లు ఆశ్చర్యపోతారు. మాకు ఆశ్చర్యం లేదు. పదేళ్లు వంకలో నీళ్లు రాకపోతే జనం అది వంక అన్న సంగతే మరిచిపోతారు. వంక ఖాళీగా ఉంది కదా అని ప్లాట్లు వేస్తారు, మరవ కింద ఇళ్లు లేస్తాయి. ఎప్పుడో ఒక్క రాత్రి వచ్చే నీళ్ల కోసం మన పెద్దలు ఉంచిన ఖాళీని, ఎవరికీ అక్కర్లేని ఖాళీ అనుకుని నింపేస్తాం. కంపెనీల్లో కూడా కాస్ట్ కటింగ్ అన్నప్పుడు మొదట కన్ను పడేది పని లేకుండా కూర్చున్న స్టాండ్‌బై సర్వర్ మీదే.

విశ్వేశ్వరయ్య గారి జీవితం నుంచి నేను తీసుకున్నది ఇంతే. ఏదీ పడిపోకుండా చేయడం ఎవరి వల్లా కాదు, ఆయన వల్ల కూడా కాలేదు. పడిపోయినప్పుడు ఆ బరువు ఎటు పోవాలో ముందే దారి పెట్టడం, ఆ దారిని ఎవరూ మూసేయకుండా చూడటం మనిషి చేయగల పని. ఆయన మొదటిది చేసి చూపించారు. రెండోది ఏ ఊరివాళ్లు ఆ ఊళ్లో చేసుకోవాలి.

దసరా సెలవులకు ఊరికి పోయినప్పుడు మీ చెరువు మరవ ఎక్కడుందో, ఆ నీళ్లు ఏ వంక పట్టి ఏ చెరువుకు పోతాయో, ఆ దారిలో ఇప్పుడు ఏం కట్టారో ఒకసారి నడిచి చూసి రండి. రెండు పేజీల్లో రాసి పంపితే వచ్చే సంచికలో అన్ని ఊళ్లవీ కలిపి వేద్దాం. మా బుక్కరాయసముద్రం కట్ట సంగతి నేను రాస్తాను.